తెల్ల తెర మీద తెల్ల అక్షరాలు

బేగంబజార్‌లో నేను పనిచేసిన ఆఫీసు ఒక గిన్నెల గోదాము మీద ఉండేది. కింద పగలంతా స్టీలు పళ్లేలు, ఇత్తడి బిందెలు దించుతూ ఎత్తుతూ ఉండేవారు. ఆ మోత నేల గుండా మా కంప్యూటర్ బల్లల్లోకి ఎక్కేది. మెట్లు ఇరుకు. పైనుంచి ఎవరైనా దిగుతుంటే గోడకు ఆనుకుని నిలబడాలి, ఆ గోడ నిండా గుట్కా మరకలు. వాటిలో సగానికి పైగా మా యజమానివే. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి, మెట్ల దగ్గరికి వెళ్లి ఉమ్మి, వెనక్కి వచ్చి, వాక్యం ఎక్కడ ఆపాడో సరిగ్గా అక్కడి నుంచే అందుకునేవాడు. చేరిన కొత్తలో నాకు ఆ మెట్లంటేనే రోత. కొన్నాళ్లకు అంతకంటే రోత పుట్టించేవి లోపల చూశాను. మరకలు కనీసం కంటికి కనబడేవి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. పాతబస్తీలో సందుకొక నెట్ సెంటర్ వెలిసింది. గాజుల కొట్టువాళ్లు, బట్టల దుకాణాలవాళ్లు కూడా వెబ్‌సైట్ అనే మాట పలకడం నేర్చుకున్నారు. మా యజమాని అంతకు ముందు పెళ్లి కార్డులు అచ్చువేసేవాడు. తర్వాత దుకాణాల ప్రకటనలతో పుస్తకాలు వేశాడు. ఆ పరిచయాలతోనే వెబ్‌సైట్ల వ్యాపారంలోకి దిగాడు. మాటకారి. "దునియా మొత్తం మీ గల్లా ముంగట నిలబడతది సేఠ్‌జీ," అనేవాడు. వినేవాళ్లు నవ్వుతూనే ఒప్పుకునేవారు.

మా నాన్న గవర్నమెంటు గుమాస్తా. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మేము కిషన్‌బాగ్‌లో అద్దెకుండేవాళ్లం. ఇంట్లో కృష్ణా జిల్లా తెలుగు, కూరగాయల బండి దగ్గర ఉర్దూ, బడిలో హైదరాబాదు తెలుగు, ఇలా మూడు నోళ్లతో పెరిగాను. ఒక వస్తువుకు ఎన్ని పేర్లుంటాయో, ఎవరి ముందు ఏ పేరు పలకాలో చిన్నప్పటి నుంచి తెలుసు. డిగ్రీ అయ్యాక వెబ్ డిజైన్ కోర్సు చేశాను. కోర్సులో రంగులు, బొమ్మలు నేర్పారు గాని, ఉద్యోగంలో నాకు పనికొచ్చింది మాత్రం ఈ పేర్ల సంగతే.

ఎందుకంటే అక్కడ నా పని అదే. ఒక దుకాణానికి సైటు చేస్తున్నామంటే అందులో ఏయే పేజీలుండాలి, ఏది ముందు, ఏది వెనక, ఒక్కో పేజీకి ఏ పేరు పెట్టాలి, వెతికే మనిషి ఏ మాట కొడితే ఆ పేజీ దొరకాలి, ఇవన్నీ ముందుగా కాగితం మీద వేసుకోవాలి. పాడైపోయిన పెళ్లి కార్డుల కాగితాలు ఆఫీసులో కట్టలు కట్టలుగా పడి ఉండేవి. వాటి వెనక పెన్సిల్‌తో గీసేదాన్ని.

అలా నాకు బాగా ఇష్టమై చేసిన సైటు ఒక మూలికల దుకాణానిది. మా ఆఫీసున్న వీధిలోనే, కొద్ది దూరంలో. ఆ సేఠ్ వాళ్ల పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చి తరాలు గడిచాయి. ఆయన తెలుగు మాట్లాడితే మధ్య మధ్య హిందీ దొర్లేది. దుకాణం నిండా బస్తాలు: కుంకుడుకాయలు, శీకాయ, కరక్కాయలు, ఉసిరి వరుగులు, సునాముఖి ఆకు. జిల్లాల నుంచి ఆయుర్వేదం షాపులవాళ్లు, పొడులు చేసి అమ్ముకునేవాళ్లు వచ్చి టోకున కొనుక్కుపోయేవారు.

సైటు మొదలుపెట్టే ముందు నేను వెళ్లి ఆ దుకాణంలో కాటా పక్కన స్టూలు మీద కూర్చున్నాను. వచ్చినవాళ్లు ఏం అడుగుతున్నారో వింటూ కూర్చోవడమే. ఒకరు కుంకుళ్లు అంటారు, ఇంకొకరు రీఠా అంటారు, మూడో ఆయన సోప్‌నట్ అంటాడు. ముగ్గురికీ కావలసింది అదే బస్తా. అడిగేవి కూడా అవే ప్రశ్నలు: కొత్త పంటేనా, గింజ తీసిందా తీయనిదా, లారీలో ఏ ఊరి వరకు పంపుతారు. వీటికి జవాబులు పేజీ మొదట్లోనే ఉంటే చాలు, వెతికేవాడికీ దొరుకుతుంది, వెతికిపెట్టే యంత్రానికీ అర్థమవుతుంది. సరుకుకొక పేజీ, పైన దానికున్న పేర్లన్నీ, కింద జనం అడిగే వరసలో జవాబులు. ఎంత మామూలు సంగతో. అది కుదిరినప్పుడు నాకు కలిగిన సంతోషం మాత్రం మామూలుది కాదు.

సేఠ్ ఒక్కటే కోరాడు. "బేటీ, ఒక మాట సాఫ్ రాయాలె. మేం సామాను అమ్ముతం. దవా ఇచ్చెటోళ్లం కాదు. నాడి చూసెటోడు వేరే, మేం వేరే. లేకుంటే రేపు ఎవడన్నా వచ్చి నా కడుపునొప్పికి ఏమిస్తవ్ అంటడు."

ఆ మాట మొదటి పేజీలోనే పెట్టాను, పెద్ద అక్షరాల్లో.

మా యజమాని నా కాగితం చూసి పెదవి విరిచాడు. "మంచిగనే ఉన్నది గని, గిది దుకాణానికి సరిపోతది. సెర్చ్‌కు సరిపోదు."

"దుకాణంలో ఏం అడుగుతున్నారో అదే కదండీ సెర్చ్‌లోనూ అడుగుతారు," అన్నాను.

"ఎంతమంది అడుగుతరు కుంకుడుకాయలు? కౌంటర్ తిరగాలె అమ్మా, కౌంటర్."

అప్పట్లో సైటు మొదటి పేజీ అడుగున ఎంతమంది వచ్చిపోయారో చూపించే అంకెలు ఉండేవి. కారు మీటరులాగా ఒక్కొక్కటే తిరిగేవి. కొత్త దుకాణాలవాళ్లను పట్టుకోవడానికి ఆయన దగ్గరున్న ఆయుధం అదే. పాత సైట్లు తెరిచి, ఆ అంకెల మీద వేలు పెట్టి చూపించేవాడు. వచ్చినవాళ్లు ఎందుకొచ్చారో, ఏం దొరక్క వెళ్లిపోయారో ఆయనకు అక్కర్లేదు.

సైటు పెట్టాం. అంకెలు నెమ్మదిగానే కదిలాయి. నెమ్మదిగా అయినా వచ్చినవాళ్లు అవసరమున్నవాళ్లు. వరంగల్ నుంచి ఒకాయన సైటు చూసి ఫోను చేసి శీకాయ తెప్పించుకున్నాడని సేఠ్ నన్ను పిలిచి మరీ చెప్పి, బాదం పాలు తాగించాడు.

కొద్ది వారాల తర్వాత ఒక స్పెల్లింగు తప్పు దిద్దుదామని ఆ సైటు మొదటి పేజీ తెరిచాను. సేఠ్ రాయించిన మాట లేదు. మేం మందులు ఇవ్వం అన్న ముక్క మొత్తం ఎవరో తీసేశారు. కిందికి జరిపితే పేజీ అయిపోయాక కూడా ఇంకా ఖాళీ, ఇంకా జరిపితే ఇంకా ఖాళీ. ఇంత తెల్లటి జాగా నేను వదలలేదే అనుకుంటూ మౌసు నొక్కిపట్టి ఆ ఖాళీ మీద లాగాను.

అక్షరాలు లేచాయి. తెల్ల తెర మీద తెల్ల రంగుతో రాసిన అక్షరాలు, నీలం వెలుగులో ఒక్కసారిగా బయటపడ్డాయి. గోదాములో తడి గోనెసంచి ఎత్తితే దాని కింద బొద్దింకలు కదిలినట్టు ఒళ్లు జలదరించింది.

అన్నీ ఇంగ్లీషు మాటలు. షుగర్, పైల్స్, పక్షవాతం, కిడ్నీలో రాళ్లు, పిల్లలు పుట్టకపోవడం. వాటి మధ్యలో సినిమా తారల పేర్లు, క్రికెట్ ఆటగాళ్ల పేర్లు. మళ్లీ రోగాలు. క్యాన్సర్, క్యాన్సర్‌కు మూలికా వైద్యం, ఆపరేషన్ లేకుండా క్యాన్సర్ నయం, హైదరాబాద్‌లో క్యాన్సర్ నయం, బేగంబజార్‌లో క్యాన్సర్ నయం. అదే మాట మళ్లీ తప్పు స్పెల్లింగులతో, వరసగా. నన్ను అన్నిటికంటే ఎక్కువ కుదిపినవి ఆ తప్పు స్పెల్లింగులే. వెతికే మనిషికి ఇంగ్లీషు సరిగా రాకపోవచ్చని, భయంతో వేళ్లు తడబడవచ్చని ఆ రాసినవాడు ఆలోచించి మరీ పెట్టాడు. ఆ భయాన్ని అంత దగ్గరగా ఊహించగలిగినవాడు, ఊహించి దానికి వల పన్నాడు.

అక్కడితో ఆగలేదు. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, నల్గొండ, ఊరికొక పేజీ. అన్నిటిలోనూ ఒకే రాత, ఊరి పేరొకటే మారుతుంది. సైటు లోపలి నుంచి వాటికి దారి లేదు. సెర్చ్‌లోంచి వచ్చినవాడు మాత్రమే వాటిలో పడతాడు.

వెళ్లి మా యజమానిని అడిగాను. "సార్, మూలికల సేఠ్ సైటులో ఈ రోగాలన్నీ ఏమిటండీ?"

ఆయన కంగారేమీ పడలేదు. "చూసినవా? నేనే పెట్టిన. మనిషికి కనపడది. సెర్చ్ ఇంజిన్‌కు కనపడతది. కౌంటర్ చూడు ఎట్ల తిరుగుతుందో."

"ఆయన క్యాన్సర్ మందులు అమ్మరండీ."

"అమ్ముతడని ఎవడన్నడు? మేం ఎక్కడన్నా చెప్పినమా? వెనకాల మాటలు గవి, బస్."

"వెనకాల ఉండవండీ. సెర్చ్ చేసినప్పుడు సైటు పేరు కింద రెండు వరసలు కనబడతాయి కదా. వాళ్లు ఏ మాట కొడితే ఆ మాట ఉన్న ముక్కనే అక్కడ చూపిస్తుంది. మీరు దాచింది అక్కడ బయటికి వస్తుంది."

"గదే గద అమ్మా కావాల్సింది," అంటూ లేచి మెట్ల దగ్గరికి వెళ్లాడు. ఉమ్మి వచ్చి, "గదే కావాల్సింది. క్లిక్ చేస్తడు," అని ముగించాడు.

ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి మూసేశాను. ఆ మాటలన్నీ తీసేసి సైటు మళ్లీ ఎక్కించాను. మర్నాటికి అవి మళ్లీ వచ్చి కూర్చున్నాయి, ఆ సైటు పాస్‌వర్డు మారింది. దుకాణానికి వెళ్లి సేఠ్‌కు చెప్పాను. ఆయనకు కంప్యూటర్ లేదు, నేను చెప్పేది పట్టుబడలేదు.

"కనపడని రాత ఎవడు చదువుతడు బేటీ? తెల్ల కాయితం మీద సున్నంతోని రాసినట్లు ఉన్నది నీ మాట," అని నవ్వి చాయ్ తెప్పించాడు. "గని ఒక్క సంగతి. ఈ మధ్య రాంగ్ నంబర్లు మస్తు వస్తున్నయ్. ఎవరెవరో రోగాల గురించి అడుగుతున్నరు."

"అవి రాంగ్ నంబర్లు కావు సేఠ్‌జీ," అన్నాను. అప్పుడే లారీ వచ్చి ఆగింది, హమాలీలు కేకలు వేశారు, ఆయన లేచి వెళ్లాడు.

కొన్నాళ్లకు ఉసిరి వరుగుల కొత్త సరుకు ఫోటోలు తీయడానికి ఆ దుకాణానికి వెళ్లాను. నేను బస్తాల మధ్య వంగి ఉండగా ఒక జంట వచ్చి గడప దగ్గర నిలబడ్డారు. అతనికి నలభై దాటి ఉంటాయి, చేతిలో ప్లాస్టిక్ సంచీ. ఆమె కొంగు భుజం చుట్టూ బిగించి కప్పుకుని, ఎడమ చెయ్యి ఒంటికి ఆనించి పట్టుకుని ఉంది. ఎవరూ చెప్పకుండానే వెళ్లి కుంకుడుకాయల బస్తా మీద కూర్చుంది. చాలా దూరం నిలబడి వచ్చిన మనిషిలా ఉంది.

"సేఠ్, మందు కోసం వచ్చినం," అన్నాడతను.

"ఏం మందు?"

అతను సంచీలోంచి మడతలు పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. సేఠ్ దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "బేటీ, గిదేందో చదువు," అని నాకిచ్చాడు.

నెట్ సెంటర్‌లో అచ్చు తీసిన సెర్చ్ పేజీ అది. మూడో చోట సేఠ్ దుకాణం పేరు. దాని కింద, నేను నీలం వెలుగులో చూసిన మాటలు ఇప్పుడు నల్లగా, తెల్ల కాగితం మీద. ఆపరేషన్ లేకుండా క్యాన్సర్ నయం, బేగంబజార్. నెట్ సెంటర్ ఆయన కాబోలు, ఆ వరస కింద పెన్నుతో గీత గీసి ఇచ్చాడు.

నేను చదివి చెప్పాను. సేఠ్ ముఖంలో మొదట అయోమయం, తర్వాత ఏదో అర్థమవుతున్న జాడ.

"భయ్యా, ఇక్కడ అసోంటి మందు లేదు," అన్నాడు మెల్లగా. "జడీబూటీల సామాను టోకు లెక్కన అమ్ముతం, అంతే. నేను వైద్యుణ్ని కాదు."

"గట్లనకుండ్రి సేఠ్. ఆదిలాబాద్ అవతలికెల్లి వచ్చినం. ఎవలికి చెప్పం. పేరు గూడ అడగం." అతను లోపలికి రెండడుగులు వేసి బస్తాలన్నిటినీ ఒక్కొక్కటిగా చూస్తున్నాడు. "ఏ బస్తాలున్నదో గది జరంత ఇయ్యుండ్రి. ఎట్ల వాడాల్నో చెప్పుండ్రి."

అతను అలా బస్తాలు చూడటం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. శీకాయ వైపు చూశాడు, కరక్కాయల వైపు చూశాడు. దాచిపెడుతున్నారనే అనుకుంటున్నాడు.

నేను చెప్పక తప్పలేదు. "అన్నా, ఈ కాగితం మీద ఉన్నది అబద్ధం. సేఠ్‌గారు రాయించలేదు. మా ఆఫీసులో పెట్టారు. కంప్యూటర్‌లో వెతికినప్పుడు ఈ దుకాణం పేరు పైకి రావాలని పెట్టారు. మనుషులు చదవడానికి కాదు."

"మరి మేం చదివినం గదమ్మా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

అప్పుడు ఆమె నోరు విప్పింది. "దుకాణం చూడంగనే నాకు తెల్సింది. నడువుండ్రి." భర్త కదలకపోయేసరికి నా వైపు తిరిగింది. "రొమ్ముల గడ్డ అమ్మా. కోసేస్తమన్నరు. ఈడనే పెద్ద దవాఖానకు రమ్మని తారీకు గూడ ఇచ్చిండ్రు. గీ కాయితం దొరికినంక, కొయ్యకుండనే నయమైతదంట గదా అని, ఆ తారీకుకు పోలేదు."

సేఠ్ గల్లా మీంచి లేచాడు. దుకాణంలో పనిచేసే అతన్ని కాటా దగ్గర కూర్చోమని చెప్పి, ఆటో పిలిచాడు. నన్ను కూడా వాళ్లతో వెళ్లమన్నాడు. మేము సర్కారు క్యాన్సర్ దవాఖానకు వెళ్లేసరికి ఓపీ అయిపోయింది. మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. సేఠ్ వాళ్లకు తమవాళ్ల ధర్మశాలలో గది ఇప్పించాడు. మర్నాడు నేను మళ్లీ వెళ్లి వాళ్లతో లైనులో నిలబడ్డాను. డాక్టరమ్మ పాత కాగితాలు తిరగేసి, చెప్పిన రోజున ఎందుకు రాలేదని అడిగింది. భర్త తల దించుకున్నాడు. ఆమే జవాబు చెప్పింది: "భయమైంది అమ్మా." కాగితం సంగతి చెప్పలేదు. గడ్డ పెరిగింది, ఇక ఆలస్యం వద్దు అంటూ డాక్టరమ్మ చేర్చుకోమని రాసిచ్చింది.

ఆ సాయంత్రం సేఠ్ మా ఆఫీసు మెట్లెక్కాడు. ఎప్పుడూ ఎక్కని మనిషి. తెల్ల పంచె గోడకు తగలకుండా ఒక చేత్తో పట్టుకుని, ఆయాసపడుతూ వచ్చి నా బల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూపించు బేటీ," అన్నాడు.

సైటు తెరిచి, అడుగున ఖాళీ మీద మౌసు లాగాను. అక్షరాలు లేచాయి.

"చదువు. తెలుగుల చెప్పు."

చదివాను. షుగర్, పైల్స్, పక్షవాతం. ఆయన ఒక్కో మాటకూ తల ఊపుతూ విన్నాడు. సినిమా తార పేరు వచ్చినప్పుడు నా ముఖంలోకి చూశాడు, నేను సరిగానే చదువుతున్నానా అని. క్యాన్సర్ దగ్గరికి వచ్చాక చెయ్యెత్తాడు. "బస్."

మా యజమాని నవ్వు ముఖంతో వచ్చి నిలబడ్డాడు. "సేఠ్‌జీ, అందరు చేస్తున్నదే. ఈ లైన్‌ల గిదే పద్ధతి. మీ కౌంటర్ చూసిండ్రా, మార్కెట్‌ల ఎవలకు లేదు గంత."

"తియ్యి మొత్తం."

"తీస్తే పడిపోతది సేఠ్‌జీ."

"పడనీ. నిన్న ఒక ఆడిమనిషి నా దుకాణంల కూసున్నది. నా రాత చదివి వచ్చిన అన్నది. నా రాతనా అది?"

"మేం ఎవలిని రమ్మన్నం చెప్పుండ్రి? వాళ్లే ఎతుక్కుంట వచ్చిండ్రు. చదువుకోని జనం, మనమేం చేస్తం..." అంటూ మధ్యలో లేచి మెట్ల దగ్గరికి వెళ్లాడు. మేమిద్దరం ఆ చప్పుడు విన్నాం. వచ్చి, "మనమేం చేస్తం చెప్పుండ్రి. గట్ల కాదు, కొంచెం తగ్గిద్దాం. క్యాన్సర్ ఒక్కటి తీసేసి షుగర్, పైల్స్ ఉంచుదాం. వాటితోని ఎవలు చావరు," అన్నాడు.

సేఠ్ ఆయన వైపు చాలాసేపు చూశాడు. మురిక్కాలవ దాటేటప్పుడు ఎక్కడ అడుగు వేయాలా అని చూసే చూపు అది. తిట్టలేదు, అరవలేదు. "నా పేరు మీదున్నయన్నీ ఈ బేటీ చేతికియ్యి. నీతోని నాకు ఇంకేం లేదు," అని లేచి, పంచె పట్టుకుని దిగి వెళ్లిపోయాడు. నేను కూడా నా డబ్బా, చెప్పుల జత తీసుకుని అప్పుడే దిగాను. వెనక నుంచి మా యజమాని నన్ను ఏదో అన్నాడు. గిన్నెల మోతలో వినబడలేదు. వినాలనీ అనిపించలేదు.

పాస్‌వర్డులు ఇవ్వడానికి ఆయన కొన్నాళ్లు తిప్పించుకున్నాడు. బజారులో నలుగురు పెద్దమనుషులు అడిగాక గాని ఇవ్వలేదు. చేతికి రాగానే కిషన్‌బాగ్‌లో మా ఇంటి దగ్గరున్న నెట్ సెంటర్‌లో కూర్చుని ఊర్ల పేజీలన్నీ తీసేశాను, తెల్ల అక్షరాలన్నీ తుడిచేశాను. దాంతో అయిపోతుందనుకున్నాను. కాలేదు. సైటులో మాటలు పోయినా సెర్చ్ జ్ఞాపకంలో చాలా రోజులు ఉండిపోయాయి. మేము ఊడ్చేసిన చెత్త వీధి చివర ఇంకా మా పేరుతోనే కుప్పగా పడి ఉన్నట్టు. ఫోన్లు ఆగలేదు. ఖమ్మం నుంచి ఒకరు, రాయచూరు నుంచి ఒకరు. సేఠ్ ప్రతి ఫోనూ తనే ఎత్తేవాడు. "లేదు బాబూ, అది తప్పు రాత. డాక్టర్ ఏం చెప్పిండో అదే చెయ్యి. వాయిదా వెయ్యకు," అని ఒక్కొక్కరికీ విసుక్కోకుండా చెప్పేవాడు. ఫోను పెట్టాక మాత్రం చేతులు రుమాలుతో తుడుచుకునేవాడు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. వాళ్లు వెతుకుతున్న మాటలకే ఒక పేజీ పెడితే? క్యాన్సర్‌కు మూలికల కోసం వెతుకుతున్నారా అని శీర్షిక పెట్టి, కింద ఉన్నదున్నట్టు రాస్తే: మేము మందులు ఇవ్వం, మా దగ్గర అలాంటిదేదీ లేదు, మీ డాక్టరు చెప్పిన తేదీకి వెళ్లండి. తప్పు స్పెల్లింగులు కూడా పెట్టాలి, లేకపోతే తప్పు కొట్టినవాళ్లకు దొరకదు. అది తట్టగానే నా మీద నాకే వెగటు పుట్టింది. మా యజమాని చేసిన లెక్కే కదా ఇది. ఆ భయాన్నే నేనూ ఊహించి, అదే మాటలు ఏరుతున్నాను. రెండు రోజులు పెన్సిల్ పట్టుకోలేదు. చివరికి నాన్నతో అన్నాను. ఆయనకు కంప్యూటర్ సంగతి తెలియదు గాని విన్నాక, "దారి తప్పినవాడు వచ్చే చోటే కదమ్మా బోర్డు పెట్టాలి. చదివేది మనిషేనని గుర్తుపెట్టుకుని రాయి," అన్నాడు.

రాశాను. నల్ల అక్షరాలతో, తెలుగులో, ఇంగ్లీషులో, ఉర్దూ మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో. జనం తప్పుగా కొట్టే మాటలను కూడా అందరికీ కనబడేలాగే వాక్యాల్లో పెట్టాను. సేఠ్‌కు చదివి వినిపిస్తే, "బోర్డు మీద గూడ రాయించాల్సింది," అన్నాడు. కొంతకాలానికి సెర్చ్‌లో పాత ముక్క పోయి ఆ స్థానంలో ఈ వాక్యాలు కనబడటం మొదలైంది. ఫోన్లు పలచబడ్డాయి.

ఆమెకు ఆపరేషన్ అయింది. పరీక్షలకు వచ్చినప్పుడల్లా ఇద్దరూ దుకాణానికి వచ్చి కూర్చుని చాయ్ తాగి వెళ్లేవారు. ఒకసారి ఆమె సేఠ్‌ను నవ్వించింది కూడా: "సేఠ్, ఈసారన్నా ఏ బస్తాలున్నదో చెప్పరాదు." రెండేళ్లు గడిచాక రావడం ఆగిపోయింది. ఆమె భర్త ఫోను చేసి చెప్పాడు, మళ్లీ తిరగబెట్టిందని, పోయిందని. ఆ పోగొట్టుకున్న రోజుల వల్లే అని ఏ డాక్టరూ అనలేదు. ఏమో, కాకపోవచ్చు కూడా. కాని బజారులో మా పాత యజమాని ఎదురై, తనకెలా తెలిసిందో, "గా పేషెంట్ పోయిందంట గద. చూసినవా, ఎప్పుడొచ్చినా పోయెటోళ్లే," అన్నాడు. నోట్లో గుట్కా ఉండటంతో తల పైకెత్తి మాట్లాడాడు. నేను వీధి అవతలి వైపుకు దాటాను.

కొన్నాళ్లకు ఆయన చేసిన సైట్లన్నీ సెర్చ్‌లోంచి ఒక్కసారిగా మాయమయ్యాయి. ఈ తెల్ల అక్షరాల మోసాన్ని యంత్రాలు కూడా కనిపెట్టి, అలాంటి సైట్లను గెంటేయడం మొదలుపెట్టాయి. దుకాణందారులు ఆఫీసు మెట్ల మీద లొల్లి చేశారని విన్నాను. సంతోషం కలుగుతుందేమోనని చూసుకున్నాను, కలగలేదు. అన్నిసార్లు అన్ని ఇళ్లలో ఎవరెవరు ఆ వరసలు చదివి ఉంటారో ఏ కౌంటరూ చెప్పదు.

ఆయన ఆఫీసు మూసేసి కోచింగ్ సెంటర్ పెట్టాడు. సైటును సెర్చ్‌లో పైకి తేవడం ఎలా అని కోర్సు. కిషన్‌బాగ్‌లో మా పక్కింటి అమ్మాయి అందులో చేరింది. ఒక ఆదివారం కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"అక్కా, హోంవర్క్ ఇచ్చిండ్రు. జర చూస్తవా?"

చూశాను. ఆ వారం పేపర్లో ఏ జ్వరం గురించి ఎక్కువ రాస్తున్నారో దాని పేరు తీసుకుని, దాని మీద ఏదైనా ఒక వ్యాపారానికి ఊరికొక పేజీ చొప్పున తయారు చేయాలి. అప్పుడు ఊరంతా కీళ్లు పట్టేసే జ్వరంతో మంచాన పడి ఉంది. ఆ అమ్మాయి ఎంచుకున్న వ్యాపారం పరుపుల దుకాణం.

ఆమెను కూర్చోబెట్టి మూలికల దుకాణం సంగతి మొదటి నుంచి చెప్పాను. బస్తా మీద కూర్చున్న మనిషి గురించి, డాక్టరమ్మ ముందు ఆమె చెప్పిన జవాబు గురించి. ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తర్వాత కాగితాలు ఒద్దికగా సర్దుకుంటూ, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా అంది.

"నువ్వు చెప్పింది కరెక్టే అక్కా. కాని పరీక్షల గిదే అడుగుతరు."